ఒక్క సూదితో లేచి నడిచిన సైనికుడు

పిల్లలూ,

మన పాత సినిమాల్లో హీరో తలకు దెబ్బ తగిలితే గతం మరిచిపోతాడు, రెండో దెబ్బ తగిలితే అంతా గుర్తొస్తుంది. అది చూసి మీరు పడీపడీ నవ్వుతారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక హాలీవుడ్‌లో ఆ రెండో దెబ్బకు బదులు సూది మందు వచ్చింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడికి కాళ్ళో మాటో పడిపోతుంది. డాక్టర్ సూది వేస్తాడు. సైనికుడు మగతలో ఏడుస్తూ జరిగిందంతా చెప్పేసి, లేచి నడుస్తాడు. దీన్ని మాత్రం నవ్వి వదిలేయకండి, ఇందులో సగం నిజం. ఏ సగమో తెలియాలంటే రెండు సినిమాలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

మొదటిది 1946 నాటి 'లెట్ దేర్ బి లైట్'. జాన్ హస్టన్ తీసిన డాక్యుమెంటరీ, గంటలోపే అయిపోతుంది. తీయించింది అమెరికా సైన్యమే. మనసు దెబ్బతిని బయటికొచ్చిన కుర్రాళ్ళకు ఉద్యోగాలివ్వడానికి యజమానులు జంకుతున్నారు. వీళ్ళు పిచ్చివాళ్ళు కారు, వైద్యంతో కుదుటపడేవాళ్ళే అని వాళ్ళకు చూపించాలన్నది ఉద్దేశం. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో, బ్రెంట్‌వుడ్ అనే చోట, సైన్యానికి మేసన్ జనరల్ హాస్పిటల్ అనే మానసిక వైద్యశాల ఉండేది. హస్టన్ కెమెరాలు అక్కడే దింపి, 75 మంది ఉన్న ఒక జట్టును చేరిన రోజు నుంచి ఇంటికెళ్ళే రోజు దాకా తీశాడు. నటులెవరూ లేరు. కెమెరాల్ని దాచలేదు కూడా. మీ వైద్యం ఎలా సాగుతోందో రికార్డు చేస్తున్నాం, కంగారుపడకండి అని రోగులకు ముందే చెప్పడం సినిమాలోనే వినిపిస్తుంది. వ్యాఖ్యానం హస్టన్ తండ్రి, నటుడు వాల్టర్ హస్టన్‌ది. యుద్ధంలో దెబ్బతిన్న అమెరికా సైనికుల్లో సుమారు 20 శాతం మందికి తగిలింది మనసు దెబ్బేనని మొదట్లోనే తెరమీద అక్షరాలు పడతాయి.

చేరిన కొత్తలో డాక్టర్లు ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడతారు. సూది ఎప్పుడొస్తుందా అని ఆ భాగాన్ని ముందుకు జరపకండి. సినిమా మొత్తంలో గట్టిది అదే. ఒక నల్లజాతి సైనికుడు ఎంతో మర్యాదగా 'సర్' అంటూ జవాబులు చెబుతుంటాడు. ప్రియురాలి ఫోటో వచ్చిన సంగతి దగ్గరికొచ్చేసరికి గొంతు పూడుకుపోయి, ఆపుకోలేక ఏడుస్తాడు. డాక్టర్ ఆపమనడు, ఒక్కోసారి ఏడవడం మేలే చేస్తుందన్నట్టు మాట్లాడతాడు. అంతే, అక్కడ మందూ లేదు, మంత్రమూ లేదు. ఇంకో సంగతి. అప్పట్లో అమెరికా సైన్యంలో నల్లవాళ్ళ దళాలు వేరు, తెల్లవాళ్ళ దళాలు వేరు. ఆ వేర్పాటు పోవాలని అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948లో. ఈ వార్డులో మాత్రం అందరూ కలిసే కనిపిస్తారు.

ఇక సూది సంగతి. అందులో ఉన్నది సోడియం అమిటాల్, బార్బిట్యురేట్ రకం నిద్రమందు. కథాచిత్రాల్లో ఎక్కువగా వినబడే పెంటొథాల్ కూడా ఆ కుటుంబానిదే. నిజం కక్కించే గుణం ఈ మందులకు లేదు. అవి చేసేదల్లా భయాన్ని మందగింపజేయడం. పూర్తిగా నిద్రపట్టే ముందు మెలకువకూ నిద్రకూ నడుమ కాసేపు మగత ఉంటుంది. మామూలుగా నోరు పెగలని సంగతులు అప్పుడు బయటికి రావచ్చు. మనిషిని ఆ మగతలోనే నిలబెట్టడం డాక్టర్ పనితనం. అందుకే మందును నరంలోకి బాగా నెమ్మదిగా ఎక్కిస్తారు, నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటనివ్వరు. ఎక్కిస్తూనే రోగిని మాట్లాడిస్తుంటారు. మాట ముద్దగా రావడం మొదలైతే ఆపేస్తారు. మందు చాలకపోతే మనిషి బిగుసుకునే ఉంటాడు, ఎక్కువైతే మాటలు పోయి గురక వస్తుంది. వేగంగా ఎక్కిస్తే ఊపిరి మందగిస్తుంది, ఆగిపోనూ వచ్చు. కథాచిత్రాల్లో లాగా సిరంజిని ఒక్క నొక్కు నొక్కే డాక్టర్ చేతిలో రోగి బతకడం కష్టం.

హస్టన్ సినిమాలో కాళ్ళు పడిపోయిన కుర్రాణ్ణి మనుషులు పట్టుకుని తీసుకొస్తారు. అతని కాళ్ళలో ఎముకలకు గానీ నరాలకు గానీ ఏ దెబ్బా లేదు. అలాగని నటించడమూ లేదు, నిజంగానే అడుగు వేయలేడు. మందు ఎక్కాక డాక్టర్ ఇంటి సంగతులు అడుగుతాడు, తర్వాత లేచి నడవమంటాడు. నడుస్తాడు! మీకు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. సరిగ్గా అక్కడే వ్యాఖ్యాత ఒక మాటంటాడు: నడక వచ్చినంత మాత్రాన జబ్బు నయమైనట్టు కాదు, దానికి ఇంకా సమయం పడుతుంది. తర్వాత వచ్చిన కథాచిత్రాలు నడకను తీసుకున్నాయి, ఈ మాటను వదిలేశాయి.

ఇంకో కుర్రాడికి నత్తి. సూది తర్వాత మాట తిరగ్గానే, నేను మాట్లాడగలుగుతున్నానని ఆనందంతో అరుస్తాడు. 'స' శబ్దం దగ్గరే అతని నోరు ఆగిపోయేది. ఎందుకంటే జర్మన్ల 88 మిల్లీమీటర్ల ఫిరంగి గుండు అలాంటి చప్పుడుతోనే మీదికి వచ్చేది. మరొకతనికి తన పేరే గుర్తు లేదు. అతనికి సూది వేయరు, హిప్నాటిజంతో ఒకినావా యుద్ధభూమికి వెనక్కి తీసుకెళ్తారు, గుండు పేలిన క్షణం గుర్తొస్తుంది.

అలా గుర్తొచ్చిందంతా నిజమేనా? ఆ ఆసుపత్రిలో పనిచేసిన కల్నల్ బెంజమిన్ సైమన్ అనే డాక్టర్ తర్వాత బోస్టన్‌లో ప్రాక్టీసు పెట్టాడు. 1964లో ఒక జంటను హిప్నటైజ్ చేస్తే, ఎగిరే పళ్ళెంలో వచ్చినవాళ్ళు తమను ఎత్తుకుపోయారని ఇద్దరూ వణికిపోతూ చెప్పారు. వాళ్ళు అబద్ధమాడట్లేదని సైమన్‌కు తెలుసు. అయినా ఆ సంఘటన జరిగిందని ఆయన నమ్మలేదు, భార్యకు వచ్చిన కలల్లోంచే అది పుట్టిందన్నాడు. మగతలో బయటికొచ్చేది మనిషి నమ్మినది, జరిగినదే కానక్కర్లేదు. వైద్యానికి అది చాలు, పోలీసు కేసుకు చాలదు. మనవాళ్ళు వార్తల్లో చెప్పే 'నార్కో టెస్టు' ఈ సూదికి చుట్టమే. ఒప్పుకోని మనిషికి ఆ పరీక్ష చేయకూడదని 2010లో సెల్వీ కేసులో మన సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

సూదులు, హిప్నాటిజం తెరమీద కళ్ళు తిప్పుకోనివ్వవు గానీ, ఆసుపత్రిలో గడిచిన ఆ వారాల్లో వాటి వాటా కొద్ది గంటలే. మిగతా కాలమంతా జట్టుగా కూర్చుని మాట్లాడుకోవడం, చేతిపనులు, ఆటలు, మళ్ళీ మాటలు. చివర్లో బేస్‌బాల్ ఆట వస్తుంది, మొదట్లో అడుగు వేయలేని కుర్రాడు అందులో పరుగెడతాడు. ఎడిటింగ్ బలం చూడండి: వారాల పని మనకు నిమిషాల్లో కనబడుతుంది. బస్సెక్కి వెళ్ళిపోయాక ఏడాదికి వాళ్ళెలా ఉన్నారన్నది ఈ సినిమాలో లేదు. నా దృష్టిలో ఇదే దీని పెద్ద లోటు.

రెండోది కథాచిత్రం, 1949లో మార్క్ రాబ్సన్ తీసిన 'హోమ్ ఆఫ్ ది బ్రేవ్'. పసిఫిక్‌లో జపాన్ వాళ్ళ చేతిలో ఉన్న ఒక దీవికి గూఢచర్యానికి వెళ్ళిన చిన్న జట్టులో మాస్ ఒక్కడే నల్లజాతివాడు. చిన్ననాటి నుంచీ స్నేహితుడైన తెల్లవాడు ఫించ్ అక్కడ చనిపోతాడు, తిరిగొచ్చాక మాస్‌కు కాళ్ళు కదలవు. డాక్టర్ సూది వేసి అంతా చెప్పిస్తాడు. ఫించ్‌కు గుండు తగిలిన క్షణంలో మాస్‌కు ఒక్కసారి సంతోషం కలిగింది. అంతకుముందే ఫించ్ నోట జాతిని కించపరిచే తిట్టు సగం వచ్చి ఆగింది కాబట్టి, అందుకే సంతోషించానని తనను తాను శిక్షించుకుంటున్నాడు. డాక్టర్ చెప్పే జవాబు బాగుంటుంది: పక్కవాడు పడితే 'నేను కాదు' అనిపించడం ప్రతి సైనికుడికీ ఉండేదే, అది జాతి గొడవ కాదు. ఇది మంచి వైద్యం. కానీ మాస్‌ను లేపడానికి ఆ డాక్టర్ అదే తిట్టును అతని ముఖాన విసురుతాడు, కోపంతో మాస్ లేచి నడుస్తాడు. నాటకానికి ఇది అద్భుతం, వైద్యంగా మాత్రం ప్రమాదం. డాక్టర్ మీద నమ్మకమే పునాదిగా సాగే చికిత్సలో ఆ నమ్మకాన్నే పగలగొట్టినట్టు. ఆ తిట్టు మీ చెవిన పడుతుంది, ముందే చెబుతున్నాను. ఈ కథకు మూలమైన నాటకంలో హీరో యూదుడు, సినిమాకు నల్లజాతివాణ్ణి చేశారు.

హస్టన్ సినిమా గతి వేరేగా అయింది. 1946లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో చూపించబోతుంటే సైనిక పోలీసులొచ్చి ప్రింటు పట్టుకుపోయారు. రోగుల ముఖాలు కనబడుతున్నాయి, వాళ్ళ గోప్యత కాపాడాలి అన్నది సైన్యం వాదన. అమెరికా సైనికుడు యుద్ధం నుంచి మరింత బలంగా తిరిగొస్తాడన్న కథ చెడిపోతుందనే ఆపారని హస్టన్ వాదన. నాకు రెండింట్లోనూ న్యాయం కనబడుతుంది. మగతలో ఏడుస్తున్న మనిషిని ఊరంతా చూడటం చిన్న విషయం కాదు. కానీ 1948లో సైన్యమే 'షేడ్స్ ఆఫ్ గ్రే' పేరుతో అవే సన్నివేశాల్ని నటులతో మళ్ళీ తీయించింది. అందులో తప్పంతా యుద్ధం మీది నుంచి చిన్నప్పటి పెంపకం మీదికి జరిగింది, నల్లజాతి సైనికులు దాదాపు కనబడరు. గోప్యత ఒక్కటే కారణమైతే ఈ మార్పులెందుకు?

అసలు సినిమాకు 1980 డిసెంబరులో గానీ అనుమతి రాలేదు. ఘోరమైన అనుభవాల తర్వాత మనసును పట్టి పీడించే ఇలాంటి జబ్బుకు పీటీఎస్‌డీ అనే పేరు అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి ఎక్కిందీ ఆ ఏడే.

ముందు 1946ది చూడండి, తర్వాతే 1949ది. చూస్తుంటే మనసు బరువెక్కితే అక్కడితో ఆపి ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడండి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసినా డబ్బు ఖర్చవదు, తెలుగులోనే మాట్లాడతారు. ప్రభుత్వం తీసిన సినిమా కాబట్టి హస్టన్‌దానికి కాపీరైట్ లేదు, ఇంటర్నెట్‌లో నాసిరకం కాపీలు చాలా తిరుగుతున్నాయి. వాటిలో రోగుల మాటలు గొణుగుడులా వినబడతాయి. 2012లో సౌండ్ బాగుచేసిన ప్రతి ఉంది, అదే వెతకండి. అమిటాల్ సన్నివేశంలో ఎలాగూ మాట ముద్దగానే ఉంటుంది కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య