ఎముకల మాత్ర అసలు పుట్టింది ఎందుకు?

ఎముకలు గుల్లబారినవాళ్లకు డాక్టర్లు రాసే అలెండ్రోనేట్ మాత్ర చాలా ఇళ్లలో తెలిసిందే. పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, అరగంట నడుం వాల్చకూడదు. బిస్‌ఫాస్ఫోనేట్ల కుటుంబంలోది ఇది. ఒకప్పుడు డైఫాస్ఫోనేట్లు అనేవారు. ఈ మందుల మీద పరిశోధన మొదలైంది మాత్రం ఎముకల అరుగుదల కోసం కాదు. రక్తనాళాలు, కిడ్నీలు, కండరాలు వంటి ఉండకూడని చోట్ల కాల్షియం గట్టిపడకుండా ఆపడం కోసం.

బోరు నీళ్లు వాడే ఇంట్లో గీజర్ కాయిల్ విప్పితే తెల్లటి పెచ్చు కనిపిస్తుంది. నీళ్లలో కొద్దిగా పాలీఫాస్ఫేట్ కలిపితే ఆ పెచ్చు కట్టదని 1930లలోనే పరిశ్రమలకు తెలుసు. మరి ఒంట్లో ఇంత కాల్షియం, ఫాస్ఫేట్ తిరుగుతుంటే మెత్తటి భాగాలన్నీ ఎందుకు గట్టిపడిపోవడం లేదు? 1960ల మొదట్లో స్విస్ శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్లైష్‌ను పట్టుకున్న ప్రశ్న ఇదే. జవాబు మూత్రంలో దొరికింది: కాల్షియం గట్టిపడకుండా అడ్డుకునే పైరోఫాస్ఫేట్. విటమిన్ డి విపరీతంగా ఇస్తే ఎలుకల బృహద్ధమనిలో కాల్షియం పేరుకుంటుంది. పైరోఫాస్ఫేట్ ఇంజెక్షన్ చేస్తే అది ఆగింది. నోటి ద్వారా ఇస్తే లాభం లేదు, ఎంజైములు దాన్ని ముక్కలు చేసేస్తాయి.

పైరోఫాస్ఫేట్ ముక్కలయ్యేది దాని రెండు ఫాస్ఫరస్‌ల మధ్య ఆక్సిజన్ ఉన్న చోట. అక్కడ కార్బన్ ఉంటే ఎంజైముల పప్పులు ఉడకవు. అలాంటి పదార్థాలే డైఫాస్ఫోనేట్లు. వాటిని 19వ శతాబ్దంలోనే తయారుచేశారు, కానీ మందుగా వాడాలని ఎవరికీ తోచలేదు. టైడ్ పొడి అమ్మే ప్రాక్టర్ అండ్ గాంబుల్‌లో మారియన్ ఫ్రాన్సిస్ పంటి గార మీద పనిచేస్తూ ఫ్లైష్, ఆయన సహచరుడు గ్రహామ్ రస్సెల్‌లతో చేతులు కలిపాడు. సబ్బుల కంపెనీ నుంచి ఎముకల మందు రావడం వింతగా ఉంటుంది గానీ, పెచ్చు గురించి వాళ్లకంటే బాగా తెలిసినవాళ్లెవరు?

1969లో సైన్స్ పత్రికలో ఈ ముగ్గురి ఫలితాలు వచ్చాయి. రెండు డైఫాస్ఫోనేట్లు నోటి ద్వారా ఇచ్చినా ఎలుకల ధమనుల్లో కాల్షియం చేరలేదు. అదే సంచికలో, పక్కనే ఉన్న ఇంకో వ్యాసం అసలు మలుపు: ఇవి ఎముక కరిగిపోవడాన్నీ ఆపుతున్నాయి. కండరాలు ఎముకగా మారిపోయే అరుదైన జబ్బున్న 16 నెలల బిడ్డకు అదే ఏడాది ఈ డైఫాస్ఫోనేట్లలో ఒకటైన ఎటిడ్రోనేట్ ఇచ్చి చూశారు.

చిక్కంతా డోసు దగ్గర వచ్చింది. చెడ్డ కాల్షియాన్ని ఆపేంత ఎటిడ్రోనేట్ ఇస్తే, కొత్తగా పుట్టే మంచి ఎముకా గట్టిపడదు. మందుకు ఆ రెంటికీ తేడా తెలియదు మరి. 1977లో అమెరికాలో అనుమతి దొరికింది కూడా పేజెట్ జబ్బుకు, అంటే ఎముక అరుగుదల అదుపు తప్పే రోగానికి. ఆ తర్వాత కంపెనీలు అరుగుదల వైపే పరుగు తీశాయి. అలెండ్రోనేట్ లాంటివి చాలా చిన్న డోసులో ఎముకను తినే కణాలను అణచేస్తాయి. అంత కొంచెం మందు కాల్షియం పేరుకోవడాన్ని పెద్దగా అడ్డుకోలేదు.

పాత ఎటిడ్రోనేట్‌ను మాత్రం మళ్లీ బయటికి తీశారు. సూడోజాంథోమా ఎలాస్టికమ్ అనే వంశపారంపర్య జబ్బులో రక్తంలో పైరోఫాస్ఫేట్ తక్కువగా ఉండి చర్మం, కళ్లు, ధమనుల్లో కాల్షియం చేరుతుంది. నెదర్లాండ్స్‌లో 74 మంది ఇలాంటి రోగుల మీద ఏడాదిపాటు జరిపిన ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. ముఖ్య కొలమానంగా పెట్టుకున్న స్కాన్‌లో తేడా రాలేదు. సీటీ స్కాన్‌లో మాత్రం ఎటిడ్రోనేట్ తీసుకున్నవాళ్ల కాళ్ల ధమనుల్లో కాల్షియం పెరగడం ఆగింది.