మౌసు మొరాయిస్తే ఎక్కడ వెతకాలి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

తెర మీది బాణం గుర్తు తనంతట తానే పక్కకు జారిపోతోందనీ, ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు ఫైళ్లు తెరుచుకుంటున్నాయనీ, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ కూడా ఛార్జింగులో పెట్టినప్పుడల్లా గంతులు వేస్తోందనీ రాశారు. ఇవి ఒకే లోపానికి మూడు రూపాలని మీరు అనుకుంటున్నారు గానీ, నాకు మూడు వేరువేరు లోపాలుగా కనిపిస్తున్నాయి. కొత్త మౌసు కొనమని మీ నాన్నను అడిగే ముందు, అసలు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి.

అందుకు అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష చాలా తేలికైనది. మీ మౌసును మరొక కంప్యూటరుకు తగిలించి చూడండి. పక్కింటివారి మౌసును అడిగి తెచ్చి మీ కంప్యూటరుకు తగిలించి చూడండి. మౌసు ఎక్కడికి వెళ్తే లోపమూ అక్కడికే వెళ్తుంటే అది మౌసుది. ఏ మౌసు పెట్టినా మీ కంప్యూటరులోనే కనిపిస్తుంటే మౌసు తగిలించే రంధ్రాన్నో, అంటే పోర్టునో, సెట్టింగులనో అనుమానించాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. బ్యాటరీ, పోర్టు, బల్ల అన్నీ ఒకేసారి మార్చేస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో మీకు తెలియదు.

ఇక జారిపోయే బాణం సంగతి. 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బర్ట్ ఆలోచన ప్రకారం బిల్ ఇంగ్లిష్ తయారు చేసిన తొలి మౌసు ఒక చిన్న చెక్కపెట్టె. దాని అడుగున రెండు చక్రాలు ఉండేవి. తరువాత వచ్చిన మౌసులలో రబ్బరు బంతి ఉండేది, దానితోపాటు లోపలి రోలర్లకు పట్టే మురికిని గోటితో గీకే పనీ ఉండేది. మీ చేతిలోని మౌసులో చక్రమూ లేదు, బంతీ లేదు. అడుగున ఒక చిన్న దీపం, దాని పక్కనే అతి చిన్న కెమెరా ఉంటాయి. ఆ కెమెరా బల్ల ఉపరితలాన్ని సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీస్తూ, ఒక ఫొటోకూ తరువాతి ఫొటోకూ మధ్య గరుకు గుర్తులు ఎంత జరిగాయో పోల్చి, బాణాన్ని అంత మేరకు జరుపుతుంది. అద్దపు బల్ల మీదో, తళతళలాడే సన్‌మైకా మీదో దానికి పోల్చుకోవడానికి గుర్తులు దొరకవు. మౌసు కింద ఒక తెల్లకాగితం వేయండి. బాణం కుదురుకుంటే దోషం బల్లది. అప్పటికీ కుదురుకోకపోతే మౌసును కంప్యూటరు నుంచి తీసి, వెల్లకిలా తిప్పి, ఆ రంధ్రంలో వెంట్రుకో దారప్పోగో ఇరుక్కుందేమో చూసి పొడి దూదితో మెల్లగా తీసేయండి. కొన్ని మౌసుల దీపం కంటికి కనిపించదు కనుక వెలుగు లేదని చెడిపోయినట్టు లెక్కవేయకండి.

వైర్‌లెస్ మౌసు అయితే ముందు బ్యాటరీ మార్చండి. ఆ తరువాత రిసీవరు, అంటే మౌసు సంకేతాలను అందుకోవడానికి కంప్యూటరుకు తగిలించే చిన్న ముక్క, దాని పక్కనే హార్డ్‌డిస్కో పెన్‌డ్రైవో తగిలించి ఉందేమో చూడండి. ఈ మౌసులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేస్తాయి, యూఎస్‌బీ 3.0 అనే వేగవంతమైన పద్ధతిలో తగిలించే హార్డ్‌డిస్కు వంటి పరికరాలు పనిచేసేటప్పుడు వాటి నుంచి వెలువడే విద్యుత్ రొద కూడా ఆ పరిధిలోనే పడుతుంది. రిసీవరును ల్యాప్‌టాప్ రెండో వైపు పోర్టులోకి మారిస్తే సాధారణంగా సరిపోతుంది.

ఒక నొక్కు రెండు నొక్కులయ్యే లోపానికి సెట్టింగులలో మందు లేదు. బటను కింద చిన్న స్విచ్చు, అందులో పలుచని లోహపు రేకు ఉంటాయి. వంటింట్లో స్టీలు పళ్లెం కింద పడితే రెండు మూడుసార్లు ఎగిరిపడి గానీ నిలవనట్టే, ఆ రేకు కూడా ప్రతి నొక్కుకూ కొన్ని మిల్లీసెకన్ల పాటు అదురుతుంది. మౌసులోని చిప్ ఆ అదురును లెక్కలోకి తీసుకోదు. కానీ రేకు అరిగేకొద్దీ అదురు పెరిగి, చివరకు చిప్ దానిని రెండో నొక్కుగా భావిస్తుంది. రూఢి చేసుకోవాలంటే సెట్టింగులలో ఎడమ బటను పనిని కుడి బటనుకు అప్పగించి కొంతసేపు వాడండి. లోపం మాయమైతే ఎడమ స్విచ్చు అరిగిందన్నమాట. మరమ్మతు దుకాణంలో స్విచ్చు ఒక్కటే మార్చి టంకం వేయగలరు. మౌసు మొత్తం పారేయడం నాకు ఇష్టం ఉండదు గానీ, మరీ చవకరకమైతే మరమ్మతు ఖర్చుకే కొత్తది వస్తుందేమో అడిగి చూడండి.

టచ్‌ప్యాడ్ మీ వేలి ఒత్తిడిని చూడదు. వేలు తగిలినచోట దాని లోపలి విద్యుత్ క్షేత్రంలో వచ్చే సూక్ష్మమైన మార్పును పసిగడుతుంది. అందుకే తడిచేతితోనో, బజ్జీలు తిన్న నూనెచేతితోనో తాకితే తడబడుతుంది. ఛార్జర్ పీకగానే కుదురుకుంటే మాత్రం కారణం కరెంటులో ఉంది. మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న లావుపాటి పిన్ను ఎర్త్ కోసం. కొన్ని ఇళ్లలో సాకెట్టుకు మూడో రంధ్రం ఉన్నా దాని వెనుక ఎర్త్ తీగ ఉండదు. అటువంటప్పుడు ఛార్జర్ నుంచి వచ్చే రొద భూమిలోకి పోయే దారి లేక టచ్‌ప్యాడ్‌ను గందరగోళపరుస్తుంది. ల్యాప్‌టాప్ లోహపు భాగాన్ని ముట్టుకుంటే చేతికి జివ్వుమనడం కూడా అందుకే. సాకెట్టును మీరు తాకవద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించమని అమ్మకు చెప్పండి. నాసిరకం ఛార్జర్ వల్ల కూడా ఇలాగే జరుగుతుంది.

బాణం అసలే కదలకపోతే, పై వరుస మీటలలో టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్నదాన్ని పొరపాటున నొక్కారేమో చూడండి. మౌసు లేకుండానే విండోస్‌ను రీస్టార్ట్ చేయాలంటే విండోస్ మీటతో పాటు ఎక్స్ నొక్కి, తరువాత యు, ఆ తరువాత ఆర్ నొక్కితే చాలు.

ఒక్క విషయంలో మాత్రం ఏ పరీక్షలూ చేయకండి. టచ్‌ప్యాడ్ మధ్యలో ఉబ్బినట్టుంటే, నొక్కడానికి బిగుసుకుపోతే, ల్యాప్‌టాప్ బల్ల మీద సమంగా నిలవక ఊగుతుంటే, లోపల బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. దానిని నొక్కి అణచాలని చూస్తే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. వెంటనే ఆపేసి, ఛార్జర్ తీసి, పెద్దవాళ్లతో చెప్పి సర్వీస్ సెంటరుకు పంపించండి.

పరీక్షల ఫలితాలు వరుసగా రాసి పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య