కళాతిలకం పోయింది, అప్పీళ్లు పోలేదు

జనవరి వచ్చిందంటే కేరళలో స్కూల్ కళోత్సవం, అంటే బడిపిల్లల రాష్ట్రస్థాయి కళా పోటీలు. దానితో పాటే జిల్లాలో ఓడినవాళ్లు రాష్ట్ర పోటీలో చోటు కోసం వేసే అప్పీళ్లు, తెచ్చుకునే కోర్టు ఆర్డర్లు, పోటీ జడ్జీల మీద ఆరోపణలు. 1957లో ఎర్నాకుళంలో ఈ పండుగ ఎలా మొదలైందో చాలామంది రాశారు. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే మాత్రం 2006 దగ్గర ఆగాలి.

1986 నుంచి అబ్బాయిల్లో మేటికి కళాప్రతిభ, అమ్మాయిల్లో మేటికి కళాతిలకం బిరుదులు ఇచ్చేవారు. తొలి కళాప్రతిభ వినీత్ సినిమా హీరో అయ్యాడు. తర్వాత సినిమా నటి అయిన మంజు వారియర్ రెండుసార్లు కళాతిలకం. దాంతో తల్లిదండ్రులకు ఆ వేదిక సినిమాకు దగ్గరి దారిలా కనిపించింది. 2001లో తొడుపుళలో కళాతిలకం చేజారినప్పుడు, తర్వాత సినిమా నటి అయిన నవ్యా నాయర్ కెమెరాల ముందే ఏడ్చేసింది. పిల్లల మీద ఇంత ఒత్తిడేమిటన్న మాట గట్టిగా వినబడసాగింది. 2006 నుంచి బిరుదులు ఎత్తేసి గ్రేడ్లు పెట్టారు.

మంచి పనే. కానీ సగం పనే. 117.5 సవర్ల బంగారు కప్పును కదిలించలేదు. 1987 నుంచి అది ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న జిల్లాకు వెళ్తోంది. పరీక్ష మార్కులకు కలిపే గ్రేస్ మార్కులూ ఉండిపోయాయి. కోవిడ్ కాలంలో ఆగినా 2023లో మళ్లీ వచ్చాయి: ఏ గ్రేడుకు 20, బీకి 15, సీకి 10. అలా పిల్లల మధ్య ఉన్న పోటీ స్కూళ్లకు, జిల్లాలకు పాకింది.

అప్పీళ్ల మీద అధికారులు చెప్పేదీ కొట్టిపారేయలేం. ఒక్కో అంశానికి జిల్లాకు ఒకరు చొప్పున 14 మంది రావాలి. అప్పీళ్లతో ఆ సంఖ్య పెరిగి కార్యక్రమం అర్ధరాత్రి దాటుతుంది. 2018లో త్రిస్సూర్‌లో పిల్లల్ని పోటీకి అనుమతించమంటూ బాలల హక్కుల కమిషన్ పేరుతో నకిలీ ఆర్డర్లే బయటపడ్డాయి.

అయితే గ్రీన్ రూమ్‌లోకి వెళ్లి చూడండి. కథకళి వేషం కట్టే పిల్లాడు చాప మీద వెల్లకిలా పడుకుని ఉంటాడు. బియ్యప్పిండి, సున్నం కలిపిన ముద్దతో దవడల చుట్టూ ‘చుట్టి’ అనే తెల్లటి అంచు వేస్తుంటారు. గంటల పని. అంతసేపూ వాడు ముఖం కదపకూడదు. కూచిపూడి ఆడే పిల్లకైతే గురువుగారి ఫీజు, చీర కుట్టించడం, నగల అద్దె, మేకప్, పక్కవాద్యాలు. మన కృష్ణా తీరపు ఆట అక్కడ ఇంత ఖరీదైన పోటీ అంశమైంది. ఇంతా చేసి రాష్ట్రస్థాయిలో ఏ గ్రేడు తెచ్చుకుంటే 2024లో చేతికొచ్చిన స్కాలర్‌షిప్ 1000 రూపాయలు.

జిల్లాలో ఒక్క మార్కుతో రెండో స్థానానికి జారిన పిల్ల తల్లి ఊరుకోలేకపోతే తప్పెలా అవుతుంది? అప్పీలుకు ముందు డబ్బు కట్టాలి. కోర్టుకు వెళ్తే వకీలు ఫీజు అదనం. కట్టగలిగినవాళ్లు కడతారు. కట్టలేనివాళ్లు మేకప్ తుడిచేసుకుని బస్సెక్కుతారు.

2024 మార్చిలో ఇదే జబ్బు కాలేజీల్లోనూ బయటపడింది. కేరళ క్రైస్తవుల బృంద నృత్యమైన మార్గంకళి పోటీ ఫలితానికి లంచం తీసుకున్నారన్న ఆరోపణలతో కేరళ యూనివర్సిటీ యువజనోత్సవాన్ని మధ్యలోనే ఆపేశారు. నిందితుల్లో ఒకరైన జడ్జి కన్నూరులో తన ఇంట్లో చనిపోయి కనిపించారు. తాను డబ్బు తీసుకోలేదని ఆయన రాసి పెట్టారు.