మెదడుకీ ఉండాలి పట్టూ విడుపూ

బరంపురం బజారులో పట్టుచీర బేరం ఒడియాలో మొదలవుతుంది. కొనే ఆవిడది ఇచ్ఛాపురమని తెలియగానే తెలుగులోకి దిగుతుంది. పర్లాకిమిడిలో ఒక్కోసారి ఒకే వాక్యంలో రెండూ దొర్లుతాయి. ఇంత తేలిగ్గా కనిపించే పనికి మెదడు ఒక భాషను ఆపి ఉంచి, మరోదాన్ని ముందుకు తేవాలి. నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్, లోతున ఉన్న కాడేట్ ఇందులో ముఖ్యమైన భాగాలు.

ఈ పట్టువిడుపులను కొలిచే పాత పరీక్ష విస్కాన్సిన్ కార్డులది. చేతికిచ్చిన కార్డును ఎదురుగా ఉన్న నాలుగింటిలో ఒకదానితో జత చేయాలి. రంగును బట్టా, ఆకారాన్ని బట్టా, సంఖ్యను బట్టా అన్నది చెప్పరు. ఒప్పో తప్పో మాత్రం చెబుతారు. వరసగా 10 సరిపోయాక చడీచప్పుడు లేకుండా నియమం మార్చేస్తారు. అయినా పాత నియమాన్నే పట్టుకుని వేలాడితే ఆ తప్పులను విడిగా లెక్కిస్తారు.

ఇక్కడే మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనం, డోపమైన్ సంగతి వస్తుంది. అది తక్కువైనా చిక్కే, ఎక్కువైనా చిక్కే. కదలికలను మందగింపజేసే పార్కిన్సన్స్ వ్యాధి మొదటి దశలో, కాడేట్ కూడా భాగమైన స్ట్రయేటమ్ పైభాగంలో డోపమైన్ బాగా తగ్గుతుంది, కిందిభాగంలో అంతగా తగ్గదు. మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపా మందు వేసుకున్న రోగులు ఒక పని నుంచి మరో పనికి మారడంలో మెరుగయ్యారనీ, లాభం తెచ్చే ఎంపిక తారుమారైనప్పుడు మాత్రం తడబడ్డారనీ 2001లో తేలింది. చివరి మడికి నీరందాలని తూము ఎత్తితే మొదటి మడి మునిగినట్టే. "డోపమైన్ పెంచుకోండి" అనే సలహాలు నమ్మదగినవి కాకపోవడానికి కారణం ఇదే.

బయటినుంచి మెదడును ప్రేరేపిస్తే? తలకు ఆనించిన కాయిల్‌తో అయస్కాంత పల్సులు (క్షణికమైన తాకిడులు) పంపే టీఎంఎస్ సుమారు 2–3 సెంటీమీటర్ల లోతుకే చేరుతుంది. అయినా ఎడమ ప్రీఫ్రంటల్ మీద సెకనుకు 10 పల్సుల చొప్పున ఇస్తే, దానికంటే చాలా లోతునున్న కాడేట్‌లో డోపమైన్ విడుదలైంది. నరాల తంతువులే ఆ కబురు మోస్తాయి. ఇచ్చే తీరూ ముఖ్యమే: పల్సులను చిన్న చిన్న గుంపులుగా ఇచ్చే తీటా బర్స్ట్ పద్ధతిలో 600 పల్సులు ఆపకుండా 40 సెకన్లలో ఇస్తే సాధారణంగా కార్టెక్స్ (మెదడు పైపొర) మందగిస్తుంది, అవే పల్సులు 2 సెకన్లు ఇచ్చి 8 సెకన్లు ఆపుతూ ఇస్తే చురుకవుతుంది. అందరిలో ఒకేలా కాదు.

తలకు సన్నని కరెంటు ఇచ్చే మరో పద్ధతి టీడీసీఎస్‌లో ఉప్పునీటి స్పాంజీల ద్వారా 1–2 మిల్లీఆంపియర్లు, 20 నిమిషాలపాటు పంపుతారు. స్పాంజి ఆరితే కరెంటు ఒకేచోట గుమిగూడి చర్మం కాలుతుంది. 9 వోల్టుల బ్యాటరీతో ఇంట్లో కట్టుకున్న పరికరానికి కరెంటును అదుపు చేసే భాగం ఉండదు. దాని జోలికి పోవద్దు. టీఎంఎస్‌కు వెళ్లేవారు మూర్ఛ, పేస్‌మేకర్, తలలో లోహం, కాక్లియర్ ఇంప్లాంట్ ఉంటే ముందే చెప్పాలి.

ఇంట్లో పార్కిన్సన్స్ రోగి ఉంటే గమనించాల్సింది ఇంకొకటి. డోపమైన్‌లా పనిచేసే మందులు ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వాడేవారిలో కొందరికి జూదం మీదో, కొనుగోళ్ల మీదో అదుపు తప్పుతుంది. అది స్వభావ దోషమనుకుని తిట్టకండి. మాత్ర వేసిన వేళ, మార్పు కనిపించిన వేళ రాసిపెట్టండి. మందును మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. బరంపురంలో ఒకరికి, విశాఖలో ఒకరికి చూపించుకుంటుంటే రెండు చీటీలూ ఇద్దరు డాక్టర్లకూ చూపండి. డోపమైన్ మందు రెండింటిలోనూ ఉండవచ్చు.