మిణుగురుల గట్టు: జపాన్‌లో ఏటి పనుల తీరు ఎలా మారింది

ఏప్రిల్ నెల, వాన పడే రాత్రి. జపాన్‌లోని యమగుచి ఊరి మధ్యగా పారే ఇచినోసక ఏటిలోంచి ఒక నల్లటి పురుగు గట్టుకి పాకుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల పొడుగు, ఒళ్లంతా మడతలు, తోక దగ్గర సన్నటి పచ్చ వెలుగు. రాళ్ల సందుల్లో పట్టు దొరకబుచ్చుకుంటూ పైకెక్కి, మెత్తటి తడిమట్టి చూసుకుని అందులోకి దూరుతుంది. దాదాపు రెండు నెలలకి మిణుగురై బయటికి వస్తుంది. అక్కడివాళ్లు గెంజి మిణుగురు అని పిలిచే పురుగు ఇదే.

గెంజి మిణుగురు బతుకంతా నీటికీ గట్టుకీ మధ్యే. జూన్‌లో ఏటి అంచున నాచు మీద గుడ్లు పెడుతుంది. పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చి నీళ్లలోకి జారి, కవనిన అనే నత్తల్ని తింటూ అడుగు రాళ్ల కింద ఎనిమిది తొమ్మిది నెలలు గడుపుతాయి. తర్వాత మళ్లీ గట్టు మట్టిలోకి. అంటే ఏడాదిలో ఏ నెలలో ఏటి అడుగో గట్టో తవ్వినా వాటి ఇంట్లో గునపం దింపినట్టే.

జపాన్ నదులు పొట్టివి, బాగా వాలు మీద పారేవి. తుపాను వస్తే కొన్ని గంటల్లోనే వరద ఊళ్ల మీద పడుతుంది. అందుకే 1896లో వచ్చిన మొదటి నదుల చట్టం వరద నివారణ చుట్టూనే తిరిగింది. 1964లో కొత్త చట్టం తెచ్చి సాగు, తాగునీరు, కరెంటు అవసరాలు కలిపారు. నీళ్లలో ఉండే ప్రాణుల మాట రెండిట్లోనూ లక్ష్యంగా లేదు. దేశం వేగంగా ఎదిగిన ఆ కాలంలో చిన్న చిన్న ఏళ్లకి కూడా అడుగు, రెండు పక్కలు కలిపి మూడు వైపులా కాంక్రీట్ పోశారు. వరదకి మనుషులు కొట్టుకుపోవడం కళ్లారా చూసిన ఇంజనీర్లని తప్పు పట్టడం న్యాయం కాదు. కానీ ఆ నున్నటి గోడ ఎక్కిన పురుగుకి దూరడానికి మట్టి ఉండదు. నత్తకి పాకుడు రాయి ఉండదు.

ఇచినోసక మిణుగురులకి అప్పటికే పేరుంది. మధ్యయుగంలో ఈ ఊరిని ఏలిన ఓఉచి ప్రభువు, క్యోటో నుంచి వచ్చిన భార్యకి పుట్టింటి బెంగ తీరాలని క్యోటో దగ్గరి ఉజి నుంచి మిణుగురుల్ని తెప్పించాడని అక్కడ చెప్పుకుంటారు. 1935లో వాటిని జాతీయ సహజ సంపదగా గుర్తించారు. 1971లో తుపాను వరద ఏటిని ముంచెత్తాక, మామూలుగా అయితే ఇక్కడా కాంక్రీటే పడేది. ఊరివాళ్లు పట్టుబట్టారు. దాంతో వేరే డిజైన్ వచ్చింది: రాళ్లు పేర్చి సందుల్లో మట్టి కూరి, అంచున గడ్డి నాటి, నీటి పాయ వంపులు తిరిగేలా వదిలారు. అదే ‘హొతరు గోగన్’, అంటే మిణుగురుల గట్టు. వరదని ఆపే పని, పురుగుని గట్టెక్కించే పని, రెండూ ఆ గట్టే చేస్తుంది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అసలు మలుపు ఇదే. తర్వాత వచ్చిన చట్టాలు దీని వెనకే నడిచాయి.

1980ల్లో స్విట్జర్లాండ్, దక్షిణ జర్మనీల నుంచి సహజ పద్ధతిలో ఏళ్లని బాగుచేసే ఆలోచన జపాన్ చేరింది. 1990లో నిర్మాణ శాఖ ‘ప్రకృతి నిండిన నమూనా’లో నదుల పనులు చెయ్యాలని ఉత్తర్వు పంపింది. 1997లో నదుల చట్టాన్ని సవరించి పర్యావరణాన్ని కూడా లక్ష్యాల్లో చేర్చారు. అయితే చాలాచోట్ల ఒకే రకం బ్లాకులు తెచ్చి పేర్చి అయిపోయిందనిపించారు. 2006లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు పేరులోంచి ‘నమూనా’ అన్న ఒక్క మాట తీసేశారు. ఏ ఏటికి తగ్గ పని ఆ ఏటికి చెయ్యమని దాని అర్థం.

ఇక పని జరిగే రోజుల సంగతి. అక్కడ నదుల్లో పనులు నవంబరు నుంచి మే లోపు, వరద భయం లేనప్పుడు చేస్తారు. సరిగ్గా అప్పుడే మిణుగురు పిల్లలు ఏటి అడుగున, ఆ తర్వాత గట్టు మట్టిలో ఉంటాయి. మన డెల్టాలో కాలువలు కట్టేసిన వేసవిలోనే పూడికతీత, లైనింగ్ పనులు పెట్టుకున్నట్టే ఇదీ. గుంటల్లో మిగిలిన నీళ్లలో చేపలు గిలగిలలాడుతుంటాయి, పక్కనే పొక్లెయిన్ నడుస్తుంటుంది.

అందుకే జాగ్రత్తగా చేసేచోట ఏటిని మొత్తం ఒకేసారి ఎండగట్టరు. ఇసుక బస్తాలు అడ్డం వేసి నీటిని ఒక పక్కకి మళ్లించి, సగం సగంగా పని చేస్తారు. నీళ్లు తగ్గుతుండగానే చేపల్ని, నత్తల్ని చేత్తో ఏరి ఎగువన వదులుతారు. బురద నీరు నేరుగా ఏటిలో కలవకుండా గుంటలో తేరనిస్తారు. పాత గట్టు పైమట్టిని, నాచు పట్టిన రాళ్లని పక్కన పెట్టి మళ్లీ వాడతారు.

పోయిన మిణుగురుల బదులు ఇంకో ఊరి నుంచి వేరేవి తెచ్చి వదిలితే సరిపోతుందనుకోవడం మాత్రం పొరపాటు. పడమటి జపాన్ గెంజి మిణుగురు సుమారు రెండు సెకన్లకోసారి వెలుగుతుంది, తూర్పుది నాలుగు సెకన్లకోసారి. చూడ్డానికి రెండూ ఒకటే. చీకట్లో వెలిగే ఆ తీరు వేరు.