తుర్క్‌మెన్ తివాచీలో ఎరుపు ఎందుకు వెలిసిపోదు?

తుర్క్‌మెనిస్తాన్ రాజధాని అష్గబాత్‌లో తివాచీల కోసమే ఒక మ్యూజియం ఉంది, 1993లో పెట్టారు. వెళ్ళినవాళ్ళంతా ముందు పెద్ద తివాచీల దగ్గరే ఆగిపోతారు. 2001లో నేసిన ఒకటైతే ఏకంగా 301 చదరపు మీటర్లు, గిన్నిస్ రికార్డుకి కూడా ఎక్కింది. నన్నడిగితే మాత్రం పాత, చిన్న నేతల్లోని ఎరుపు చూడాలి. నూరేళ్ళు దాటినా అది అలా నిలిచిందంటే దాని వెనక చాలా చక్కటి కెమిస్ట్రీ ఉంది.

ఆ రంగు ఎక్కువగా మన మంజిష్ఠకి దగ్గరి బంధువైన ఒక మొక్క వేళ్ళ నుంచి వస్తుంది. వేళ్ళలో అలిజరిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. ఉత్త వేళ్ళతో ఉడికిస్తే ఉన్నికి రంగు గట్టిగా పట్టదు, అందుకని ముందు పటిక పట్టిస్తారు. పటికలోని అల్యూమినియం ఇటు ఉన్నిలోని ప్రొటీన్‌ని, అటు అలిజరిన్‌ని పట్టుకుని రెండిటినీ విడిపోకుండా ఉంచుతుంది, ఆ కలయికలోంచే ఎరుపు పుడుతుంది. మచిలీపట్నం కలంకారీలో చిరివేరు, పటికతో తెచ్చే ఎరుపుదీ ఇదే సూత్రం, కాకపోతే అక్కడ నూలు, ఇక్కడ ఉన్ని. పటిక బదులు ఇనుము తగిలితే అదే వేరు ముదురు ఊదాకో గోధుమకో తిరుగుతుంది. ఇనుము ఉన్నిని తినేస్తుంది కూడా, పాత తివాచీల్లో ముదురు గీతలు అరిగి పల్లంగా కనిపించేది తరచుగా అందుకే.

19వ శతాబ్దం చివర్లో ఫ్యాక్టరీ రంగులు అక్కడికీ చేరాయి. చవక, పని తొందరగా అయిపోతుంది. అయితే తొలి రకాల్లో కొన్ని ఎండకి వెలిసేవి, తడిస్తే పక్క రంగులోకి కారేవి.

నేతంతా ఆడవాళ్ళ పనే. సంచార జీవితం కాబట్టి మగ్గాన్ని నేల మీద పడుకోబెట్టి బిగించేవాళ్ళు, మకాం మారాల్సి వస్తే సగం నేతతోనే చుట్టేసి పట్టుకెళ్ళొచ్చు. పడుగు పోగుల (నిలువు దారాల) మీద ఒక్కొక్క ముడీ చేత్తో వేసి, వరస పూర్తయ్యాక పేక (అడ్డ దారం) తోసి, బరువైన దువ్వెనతో దిగ్గొడతారు. చదరపు మీటరుకి లక్షల ముళ్ళు! గుడారం తలుపుకి తెర, సామాను దాచే సంచి, పెళ్ళి ఊరేగింపులో ఒంటెకి కట్టే అలంకారం, అన్నీ ఇలా నేసినవే.

ఏ తెగ నేసిందో తెలుసుకోవడానికి చాలామంది 'గ్యోల్' అనే నమూనా చూస్తారు, దేశ జెండా మీద అలాంటివి ఐదున్నాయి. కానీ ఒక తెగ నమూనాని చూసి మరో తెగ నెయ్యొచ్చు. చేతికి అలవాటైన ముడి మాత్రం అంత తేలిగ్గా మారదు. సరిక్ తెగవాళ్ళు సాధారణంగా ఉన్నిని రెండు పడుగు పోగులకీ సమంగా చుడతారు, టెక్కె తెగవాళ్ళు ఒకదానికి పూర్తిగా చుట్టి రెండోదాని వెనక నుంచి లాగుతారు. తివాచీల గురించి తెలిసినవాళ్ళు వెనక్కి తిప్పి, ముళ్ళ మధ్య వేలు పెట్టి చూసేది ఈ తేడా కోసమే.