ఫ్రైడ్‌రైస్ తిని కడుపు చెడితే టేస్టింగ్ సాల్ట్‌ను తిట్టకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

"టేస్టింగ్ సాల్ట్ వేయకుండా చేస్తావా అన్నా?" కర్నూలులో వెజ్ ఫాస్ట్‌ఫుడ్ నడిపేవాణ్ని కాబట్టి ఈ మాట వినని సాయంత్రం ఉండదు. ఇంట్లో చేసుకుంటామని నేర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్లు కూడా మొదట అడిగేది ఇదే. పిల్లలకు పెట్టేది, భయం ఉంటుంది, వాళ్లను ఏమీ అనను. ఏమీ తెలియకుండా విషం, క్యాన్సర్ అని పొద్దున్నే వాట్సాప్‌లో తోసేవాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది.

అపోహ: చైనీస్ తింటే వాంతులు అయ్యేది అజినోమోటో (అదే, టేస్టింగ్ సాల్ట్) వల్లే. అది మానేస్తే ఇంటి ఫ్రైడ్‌రైస్‌కు ఢోకా లేదు.

వాస్తవం: 1908లో జపాన్‌లో కికునే ఇకెడా అనే ప్రొఫెసర్ సముద్రపు నాచు నుంచి దీని రుచినిచ్చే పదార్థాన్ని వేరు చేశాడు. పండిన టమాటాలో ఉండే గ్లుటమేటే అది. ఇప్పుడు చెరకు మడ్డి, కర్రపెండలం లాంటివి పులియబెట్టి తయారుచేస్తున్నారు. ఎముకల పొడి అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. 1968లో ఒక డాక్టరు, చైనీస్ హోటల్లో తింటే మెడ వెనక తిమ్మిరెక్కుతోందని అమెరికా వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. కారణం ఇదో అదో అని నాలుగైదు అనుమానాలు చెప్పాడు, నింద మాత్రం దీని మీదే నిలిచిపోయింది. అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని ఉప్పు, బేకింగ్ పౌడర్‌తో పాటు సురక్షితమైనవాటిలోనే పెట్టింది. ఖాళీ కడుపుతో ఒకేసారి మూడు గ్రాములు, ఆపైన తీసుకుంటే కొందరికి కాసేపు తలనొప్పి, తిమ్మిరి రావచ్చు. ఇంట్లో నలుగురికి చేసేదానికి పావు టీస్పూను చాలు, అంటే గ్రాము చిల్లర. ఏడాది లోపు పిల్లలకు పెట్టొద్దు. ఇష్టం లేకపోతే పూర్తిగా మానేయండి, వంటకు వచ్చే నష్టమేమీ లేదు.

మరి వాంతులు? నూటికి తొంభై మంది చూడని చోట ఉంది కారణం. అన్నంలో.

మొన్న ఎండాకాలంలో ఒకామె ఫోన్ చేసింది. "పిల్లోడు రాత్రంతా వాంతులు చేసుకున్యాడన్నా, టేస్టింగ్ సాల్ట్ ఇంట్లోకే తేలేదు, సాస్‌లో ఏమన్నా ఉంటుందా?" అని. అన్నం ఎప్పుడు వండావమ్మా అంటే, పొద్దున పదకొండుకు. ఎక్కడ పెట్టావంటే, కుక్కర్‌లోనే, మూత పెట్టి, పొయ్యి పక్కన. వేయించింది రాత్రి తొమ్మిదికి. ఫ్రైడ్‌రైస్‌కు పాత అన్నమే బాగుంటుందని ఎవరో చెప్పారంట.

పాత అన్నం అన్నమాట నిజమే. బయట పెట్టిన పాత అన్నం కాదు, చల్లబెట్టిన పాత అన్నం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా మూతకింద ఉంటే మొలిచి విషం వదులుతాయి. ఆ విషం మన బాండ్లి వేడికి విరగదు. తర్వాత ఎంత పొగలొచ్చేట్టు వేయించినా, చిత్రాన్నం చేసి నిమ్మకాయ పిండినా అంతే. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపల వాంతులు పట్టుకుంటాయి. వాసన చూసి బాగుందనుకోవద్దు, ఆ విషానికి వాసన ఉండదు.

"మా అవ్వ సద్దన్నం తిని తొంభై ఏళ్లు బతికింది" అంటారు వెంటనే. సద్దన్నం నీళ్లలో నాని, మజ్జిగ పడి పులుస్తుంది. ఆ పులుపులో ఈ బ్యాక్టీరియా ఎదగడం కష్టం. కుక్కర్‌లో ఎండిన అన్నానికి ఆ కాపుదల లేదు.

చేయాల్సింది ఇదీ. నీళ్లు మామూలుకంటే పావు వంతు తగ్గించి వండండి, లేదా గంజి వార్చండి. వెడల్పాటి తాంబాళంలో పలచగా పరిచి ఫ్యాను కింద పెట్టండి. ఆరగానే ఫ్రిజ్‌లోకి. మన ఎండల్లో వండిన గంటలోపు లోపలికి పోవాలి, మామూలు రోజుల్లో రెండు గంటలు. కాస్త వెచ్చగా ఉన్నా పలచగా ఉంటే పెట్టేయొచ్చు, కుక్కర్‌ను మాత్రం అట్లాగే తోయకండి, నడుమ భాగం గంటలకొద్దీ చల్లబడదు. మరుసటి రోజు వాడేయండి. రాత్రంతా కరెంటు పోయి ఫ్రిజ్ చల్లదనం పోయిందా, పారేయండి. ప్రాణం ఉసూరుమంటుంది, తెలుసు.

మిగతావి గబగబా చెప్పేస్తా. బాస్మతి లేకపోతే కాదనేది అబద్ధం. మన పాత సోనామసూరి చక్కగా పొడిపొడిగా వస్తుంది, కొత్త బియ్యమైతేనే ముద్ద. ఇంటి స్టవ్ మీద రాదనేదీ అంతే: ఒకసారికి ఇద్దరికి సరిపడా వేయండి, కోసు (క్యాబేజీ), క్యారెట్ తడి లేకుండా తుడవండి, మంట తగ్గించకండి. ఇంటిల్లిపాదికీ ఒకేసారి కుమ్మరిస్తే కూరగాయలు నీళ్లూరి ఉడుకుతాయి, వేగవు.

మంచూరియాకు ఎర్ర రంగు పొడి అక్కర్లేదు. కర్ణాటకలో 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు నిషేధించారు కూడా. బ్యాడిగి మిరపకాయలు నానబెట్టి రుబ్బి వేస్తే అంతకంటే మంచి రంగు వస్తుంది.

ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేకపోతే చైనీసే కాదనేవాళ్లకు ఒక మాట: చైనాలో బౌద్ధ మఠాల వంటలో ఆ రెండూ వేయరు. అల్లం, మిరియాలు, పుట్టగొడుగులతో లాగిస్తారు. శనివారాలు తెల్లగడ్డ తినని ఇళ్లకు నేను చెప్పేది అదే. సీసా కొనేటప్పుడు మాత్రం ఆకుపచ్చ చుక్క చూడండి. ఆయిస్టర్ సాస్ అంటే ఆల్చిప్పల రసం, శాకాహారులకు పుట్టగొడుగులతో చేసింది వేరే దొరుకుతుంది. నూడుల్స్‌లోనూ గుడ్డు కలిపినవి ఉంటాయి.